డీజిల్ గుడ్డ

నాకు ముక్కు పోయి నాలుగేళ్ళయింది. మొహం మీదున్న ముక్కు బాగానే ఉంది, కళ్ళద్దాలు మోస్తోంది. పోయింది వాసన. కరోనా రెండోసారి వచ్చినప్పుడు నేనూ, మా ఆవిడ నసీమున్నీసా ఒకే గదిలో పదమూడు రోజులు పడి ఉన్నాం. లేచాక చూసుకుంటే నాకు డీజిలుకీ కిరసనాయిలుకీ తేడా తెలియలేదు. ఇంకొకళ్ళకైతే కూర రుచి తెలియడం లేదన్న దిగులొక్కటే ఉంటుంది. నాకు నోటి దగ్గర కూడు లాక్కున్నట్టయింది. వినుకొండ చుట్టుపక్కల పది ఊళ్ళలో నన్ను ఇంజన్ రసూల్ అని పిలిచేది నా ముక్కుని చూసే.

పొలాల్లో ఆయిల్ ఇంజన్ స్టార్టు కాలేదంటే చాలాసార్లు తప్పు డీజిలుదే. మిగతా మెకానిక్కులు వస్తూనే అన్నీ విప్పేసి గోనెపట్టా మీద పరుస్తారు. అది చూసి రైతుకి గుండె జారిపోతుంది. నేను ట్యాంకు కింద ఒక్క చుక్క వేలి మీద పట్టి వాసన చూసేవాణ్ణి. "కిరసనాయిలు కలిపారు", "నిరుడు మిగిలింది పోశావు, మురిగిపోయింది", "ఇందులో పెట్రోలు పడింది" అని చెప్పేవాణ్ణి. ఆ తర్వాతే పానా తీసేది. అదంతా ఒక్క జ్వరంతో పోయింది.

ఆ సంగతి నసీమ్‌కి చెప్పిన రోజు నేను ఏడ్చాను. సిగ్గేముంది, ఏడ్చాను. నాకు వచ్చిన పని అదొక్కటే. ఇక పానా అటక మీద పడేసి, గుంటూరులో మా తమ్ముడు కలీం దగ్గరికి పోయి మిర్చి యార్డులో బస్తాలు కుట్టుకుంటానన్నాను. ఆమె నా పక్కన కూర్చుని, "నా ముక్కు ఉందిగా. దాంతో నడుపుదాం లెండి," అంది.

అప్పట్నుంచి మాకు ఒక పద్ధతి ఏర్పడింది. పొద్దున ఇంజన్ దగ్గరికి వెళ్ళి చూసేవన్నీ చూసి, అంతు చిక్కకపోతే ఒక గుడ్డముక్కని ట్యాంకులో ముంచి, పిండి, కవర్లో చుట్టి జేబులో పెట్టుకునేవాణ్ణి. "భోజనానికెళ్ళొస్తా" అని రైతుకి చెప్పి బండెక్కేవాణ్ణి. ఎంత దూరమైనా సరే, మధ్యాహ్నం ఇంటికే. పెళ్ళాం చేతి అన్నం పడందే రసూల్‌కి ఇంజన్ కదలదని అందరూ ఎగతాళి చేసేవాళ్ళు. చేసుకోనీ అనుకునేవాణ్ణి.

నాకు అన్నం పెట్టి నసీమ్ ఆ గుడ్డ తీసుకుని పెరట్లోకి వెళ్ళేది. ఇంట్లో మసాలా వాసనలు అడ్డమొస్తాయనేది. నా తిండి అయ్యేసరికి లోపలికొచ్చి చెప్పేది. "పురుగుమందు డబ్బా కడక్కుండా అందులో తెచ్చారు." "ఇది దసరా ముందు కొన్న డీజిలు." ఒకసారి "నీళ్ళు కలిసినయ్" అంది.

"నీళ్ళకి వాసనేందే?" అన్నాను.

"మీ ముక్కు బాగున్న రోజుల్లో కూడా అంతదూరం వెళ్ళేది కాదులెండి," అని కంచం తీసుకుపోయింది.

తిరిగి వెళ్ళి చూస్తే నీళ్ళే. ముందురోజు వానకి ట్యాంకు మూత ఊడి పక్కన పడి ఉంది. నా పెళ్ళాం ముక్కు నా ముక్కుని మించిపోయిందని మురిసిపోయాను తప్ప నాకు ఇంకో ఆలోచనే రాలేదు. నా తెలివి అంతటిది.

శుక్రవారం జుమ్మా నమాజుకి పోయే ముందు అత్తరు రాసుకోవడం నాకు చిన్నప్పట్నుంచి అలవాటు. వాసన తెలియకపోయినా మానలేదు. మణికట్టు మీద రాసుకుని ఆమె ముక్కు దగ్గర పెట్టి, "చెప్పు, ఎట్లా ఉంది?" అనేవాణ్ణి. ఆమె కళ్ళు మూసుకుని చెప్పేది. ముందు చందనం వచ్చిందనేది, వెనకాల మల్లె ఉందనేది. వారానికి ఒకసారి ఆ రెండు మాటల కోసం నేను చిన్నపిల్లాడిలా కాచుకుని ఉండేవాణ్ణి.

ఇంకొకటి కూడా చెప్పాలి. నోరు రావడం లేదు, అయినా చెప్పాలి. పోయిన రంజానుకి కలీం, మా మరదలు మెహర్ గుంటూరు నుంచి వచ్చారు. నసీమ్ కీమా వండింది. అది అడుగంటి మాడిపోయింది. కలీం మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు. మెహర్ తల దించుకుంది. నాకేం తెలియలేదు గానీ, వాళ్ళ మొహాలు చూసి పరువు పోయిందనుకున్నాను. "ఈ ఇంట్లో ముక్కున్నది నీకొక్కదానికే కదా! దాన్ని ఎక్కడ పెట్టుకుని వండావు?" అని అందరి ముందూ అరిచాను. ఆమె గిన్నె పట్టుకుని అట్లాగే నిలబడి, "ధ్యాస ఎటో పోయిందండీ," అంది. పండగ పూట ఆమె అన్నం తినలేదు. నేను బతిమాలలేదు.

ఈ సంవత్సరం సంక్రాంతికి ముందు, నసీమ్ పొద్దున్నే కొళాయి దగ్గర బిందె పెట్టి కూర్చున్నది కూర్చున్నట్టే ఒరిగిపోయింది. గుండె అన్నారు. నేను వెళ్ళేసరికి బిందె నిండి నీళ్ళు పొర్లిపోతున్నాయి. ముందు కొళాయి కట్టాను. ఎందుకు ముందు అది చేశానో ఇప్పటికీ నాకు తెలియదు.

నలభయ్యో రోజు ఫాతిహా చదివించడం అయింది. బంధువులు వెళ్ళిపోయారు. ఆమె బటన్ల ఫోను కిటికీలో ఉండేది, నేను రోజూ దానికి ఛార్జింగ్ పెడుతూనే ఉన్నాను. ఎందుకని అడిగితే చెప్పలేను. ఆఖరి లైటు ఆరిపోతే చూడలేననిపించింది, అంతే.

మూడు రోజుల తర్వాత, గురువారం పొద్దున, యలమంద వచ్చాడు. మా ఊరి కాలవ కింద రెండెకరాల మిరప వాడిది. వాడి భార్య కోటిరత్నం నన్ను అన్నయ్యా అంటుంది, అందుకని వాడికి నేను బావని.

"బావా, ఇంజన్ అందుకున్నట్టే అందుకుని ఆగిపోతోంది. సాయంత్రం ఆరింటికి కాలవ కట్టేస్తున్నారంట. మళ్ళీ ఎప్పుడు వదులుతారో తెలియదు. ఈ తడి తప్పితే రెండో కోత మొత్తం తాలు కాయే. నీ పరిస్థితి తెలుసు, అయినా నిన్ను కాక ఎవర్ని పిలవను?" అన్నాడు.

నేను పానాల సంచి తీసుకున్నాను. దారిలో ఒక నిర్ణయానికి వచ్చాను. ఈ ఇంజన్ నా అంతట నేను నడిపిస్తే పనిలో ఉంటాను. నడిపించలేకపోతే సంచి యలమందకే ఇచ్చేసి గుంటూరు బస్సెక్కుతాను. నసీమ్ లేకుండా నేను మెకానిక్‌నా, కాదా? అది తేలాలి.

కాలవ గట్టు మీద ఇంజన్. పక్కన మడుల్లో మిరప చెట్లు ఆకు వాలేసి నిలబడ్డాయి. కోటిరత్నం కాస్త దూరంలో కళ్ళంలో ఆరబోసిన మొదటి కోత కాయలు తిరగేస్తోంది. ఆ ఘాటు నా ముక్కుకి తగిలి తుమ్మొచ్చింది. ఘాటు తగులుతుంది, వాసన మాత్రం రాదు. ఇదొక వేళాకోళం.

హ్యాండిల్ తిప్పాను. అందుకుంది. నిమిషం ఆడి, దగ్గి, ఆగిపోయింది. మళ్ళీ తిప్పాను, నాలుగు దెబ్బలు కొట్టి ఆగింది. మూడోసారి అసలు పలకలేదు. డీజిలు అందడం లేదని చిన్నపిల్లలకైనా తెలుస్తుంది. ఎక్కడ ఆగిందన్నదే ప్రశ్న. పైపులో గాలి చేరిందేమోనని మర వదులు చేసి, బుడగలు పోయేదాకా గాలి తీశాను. ఫిల్టరు విప్పాను, శుభ్రంగా ఉంది. ట్యాంకు నుంచి వచ్చే పైపు ఊడదీసి కింద గ్లాసు పెట్టాను. ధారగా పడింది. ట్యాంకు బాగుందనుకుని బిగించేశాను. మళ్ళీ తిప్పితే అదే కథ, నిమిషం ఆడి చచ్చిపోయింది.

పదకొండయింది, పన్నెండయింది. నాజిల్ విప్పి చూశాను, బాగుంది. ఇక మిగిలింది డీజిలు పంపు. అది పోయిందంటే విప్పి వినుకొండ పంపాలి, రెండు రోజుల పని. యలమంద గట్టు మీద గొంతుక్కూర్చుని ఒకసారి కాలవ వంకా, ఒకసారి నా వంకా చూస్తున్నాడు. తిట్టినా బాగుండేది.

ఒంటిగంట అయింది. నా చెయ్యి దానంతట అదే గుడ్డముక్క తీసి ట్యాంకులో ముంచింది. పిండాను. కవర్లో చుట్టాను. జేబులో పెట్టుకున్నాను.

"భోజనానికెళ్ళొస్తా," అన్నాను.

యలమంద నా వంక వింతగా చూశాడు. కళ్ళంలో కోటిరత్నం చేస్తున్న పని ఆపి లేచి నిలబడింది. నాకు అప్పటికీ తట్టలేదు. బండి స్టార్ట్ చేసి, కాలవ కట్ట దిగి, రోడ్డెక్కి, ఇంటి ముందు ఆపాను. తలుపుకి తాళం ఉంది.

నేను వేసిన తాళమే. తాళంచెవి నా జేబులోనే ఉంది, ఆ గుడ్డ పక్కన. తాళం తీసి లోపలికి వెళ్ళి, అన్నం తినే చోట చాప మీద కూర్చున్నాను. కవరు విప్పి గుడ్డ నేల మీద పెట్టాను. పెరటి తలుపు మూసి ఉంది. "నసీమ్," అని పిలిచాను. నాకు మతి పోలేదు, ఆమె లేదని తెలుసు. పిలవాలనిపించి పిలిచాను. ఇక అయిపోయింది, సంచి యలమందకి ఇచ్చేద్దామనుకుని లేవబోయాను.

ఫోను మోగింది. కిటికీలో ఉన్న ఆమె ఫోను.

నలభై మూడు రోజులుగా దానికి ఎవరూ చెయ్యలేదు. తీసి చూస్తే తెర మీద 'కోటిరత్నం కాలవ ఇంజన్' అని ఉంది.

"హలో," అన్నాను.

"అన్నయ్యా, నేను. మీ నంబరు ఈయన ఫోన్లో ఉంది, నా దాంట్లో వదిన నంబరొక్కటే ఉంది. అందుకని దీనికే చేశా. మీరు గుడ్డ జేబులో పెట్టుకోవడం చూశానన్నయ్యా. నా ప్రాణం ఉసూరుమంది. వదినైతే ఈపాటికి ఫోన్ చేసేది."

"నీకెందుకు చేసేదమ్మా?"

"మీరొచ్చినప్పుడల్లా చేసేది కదా. మీరక్కడ అన్నానికి కూర్చోగానే ఇక్కడ నా ఫోన్ మోగేది. నాకే కాదు, మీరు ఏ ఇంటి ఇంజన్ చూస్తే ఆ ఇంటి ఆడమనిషికి. డీజిలు ఏ డబ్బాలో తెచ్చారు, అందులో అంతకుముందు ఏం పోశారు, ఎన్నాళ్ళయింది, మూత సరిగ్గా ఉందా, అన్నీ అడిగేది. మగాళ్ళకి ఇవేం తెలుస్తాయి? డబ్బాలు కడిగేదీ దాచేదీ మేమేగా."

నేను చాప మీద కూర్చుండిపోయాను. "వాసన చూసి చెప్పేది," అన్నాను.

"వాసనా?" అంది కోటిరత్నం. "ఆమెకి మాత్రం వాసన ఎక్కడిదన్నయ్యా? మీ ఇద్దరికీ ఒకేసారి పోయింది. ఒకసారి నేను మీ ఇంటికొచ్చేసరికి పొయ్యి మీద పాలు మాడి ఇల్లంతా కమురు కంపు. వదిన ఆ పక్కనే కూర్చుని బియ్యం ఏరుకుంటోంది. అప్పుడు బయటపడింది. నా పిల్లల మీద ఒట్టు వేయించుకుంది. ఇద్దరికీ లేదని తెలిస్తే ఆయన పానా పారేసి ఇంట్లో మూలకి కూర్చుంటారు, ఆయన్ని అట్లా నేను చూడలేను అంది. ఇవాళ ఒట్టు తప్పాను. ఏం చెయ్యను, మా చేను ఎండిపోతోంది, మీరేమో గుడ్డ పట్టుకుని వెళ్ళిపోయారు."

కీమా గిన్నె పట్టుకుని నిలబడ్డ నసీమ్ నా కళ్ళ ముందుకొచ్చింది. ధ్యాస ఎటో పోయిందండీ అన్న మాట మళ్ళీ వినపడింది. ఒక్క మాట చెబితే నా నోరు అక్కడే మూతపడేది. మీకు లేనట్టే నాకూ లేదు అని చెబితే చాలు. నా పనికోసం ఆ మాట మింగి, నా చేత అందరి ముందూ తిట్లు తిన్నది. క్షమించమని అడగడానికి ఇప్పుడు మనిషి ఏది?

"అన్నయ్యా, ఉన్నారా?"

"ఉన్నా."

"ఆమె అడిగేవి మీరు అడగండి. నేను చెబుతా."

గుడ్డని చేతిలోకి తీసుకున్నాను. ఎందుకో అది లేకుండా అడగలేననిపించింది. "డీజిలు ఏ డబ్బాలో తెచ్చారమ్మా?"

"ఎప్పటి డబ్బానే. నేనే కడిగి ఎండబెట్టా."

"ఎన్నాళ్ళయింది?"

"సోమవారం తెచ్చాడు."

"మూత సరిగ్గా ఉందా?"

"లేదన్నయ్యా. మూత ఎక్కడో పోయింది. దుమ్ము పడుతుందని ఇంట్లో ఏరిన పత్తి ఉంటే, పిడికెడు తీసి మూతికి కుక్కా. పొద్దున ఈయన పోసేటప్పుడు చూస్తే మూతికి సగమే ఉంది. మిగతాది ఎటు పోయిందో మరి."

నాకు అర్థమైపోయింది. ఆ సగం ట్యాంకులో ఉంది. డీజిలు కదలనంతసేపూ అడుగున ఓ మూల పడి ఊరుకుంటుంది. ఇంజన్ లాగడం మొదలుపెట్టగానే మెల్లగా జరిగి పైపు రంధ్రానికి అతుక్కుంటుంది. ఇంజన్ ఆగితే మళ్ళీ వదిలేస్తుంది. నేను గ్లాసు ఇంకొక్క నిమిషం పట్టి ఉంటే ధార సన్నబడటం కనపడేది. నా ముక్కు నిక్షేపంలా ఉన్న రోజుల్లో కూడా ఈ తప్పు నాకు దొరికేది కాదు. పత్తికి వాసనేముంటుంది? నసీమ్ అయితే అన్నం తినే వ్యవధిలో పట్టేసేది.

వెళ్ళి ట్యాంకు దించి ఒంపాను. తడిసి ముద్దైన పత్తి, నిమ్మకాయంత, జారి గోనెపట్టా మీద పడింది. యలమంద దాన్ని వేళ్ళతో పట్టుకుని చూసి, కళ్ళం వైపు తిరిగి అరిచాడు. "ఏమే! బుద్ధుందా నీకు? డీజిల్లో ఎవరైనా పత్తి పెడతారా? పొద్దుట్నుంచి మనిషిని చంపుకుతిన్నాం కదే!"

"ఒరేయ్!" అన్నాను. కాలవ అవతల పనిచేస్తున్న కూలీలు కూడా తలెత్తి చూశారు. "ఆమెని ఇంకొక్క మాటన్నావంటే ఈ పానాతో కొడతా. దుమ్ము పడకూడదని పెట్టిందిరా. నీ ఇంజన్ బాగుండాలని పెట్టింది. నువ్వు ఒక్కసారైనా ఆమెని అడిగావా? నేనడిగానా?"

యలమంద బిత్తరపోయి చూశాడు. నేను ఎవర్ని తిడుతున్నానో వాడికి తెలియదు. కోటిరత్నానికి తెలిసింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ట్యాంకు కడిగి, బిగించి, గాలి తీసి, లివరెత్తి హ్యాండిల్ తిప్పాను. అందుకుంది. నిమిషం ఆడింది, రెండు, అయిదు, పది నిమిషాలు ఆడింది. కాలవ నీళ్ళు పైపులోంచి బోదెలో పడి, బోదెలోంచి మొదటి మడిలోకి పారాయి. మూడున్నర అయింది. ఆరింటిలోపు రెండెకరాలూ తడుస్తాయి. యలమంద పార తీసుకుని పరిగెత్తాడు. నేను గట్టు మీద కూర్చుని ఏడ్చాను. ఇంజన్ చప్పుడులో ఎవరికీ వినపడలేదు. పానాల సంచి యలమందకి ఇవ్వలేదు, ఇంటికే తెచ్చుకున్నాను.

మర్నాడు శుక్రవారం. స్నానం చేసి అత్తరు సీసా తీశాను. ఆమె పోయాక దాన్ని ముట్టుకోలేదు. మణికట్టు మీద రాసుకుని, అలవాటు కొద్దీ చెయ్యి ముందుకి చాపాను. మళ్ళీ వెనక్కి తెచ్చి నా ముక్కు దగ్గరే పెట్టుకుని గట్టిగా పీల్చాను. చల్లగా ఏదో తగిలింది, అంతే. నసీమ్‌కి కూడా ప్రతి శుక్రవారం తగిలింది ఇంతే. ఇంతమాత్రం దాన్ని పట్టుకుని, కళ్ళు మూసుకుని, నాకు చందనం అని చెప్పింది, మల్లె అని చెప్పింది, ఒకసారి ఏలకులు కూడా ఉన్నాయంది. నేను "ఇంకా?" అని అడిగేవాణ్ణి. ఇంకా చెప్పేది.